ఆగబోయే ముందు కుదుపు

"ఇదిగోరా, మళ్లీ తెచ్చాను" అంటూ డ్రైవింగ్ మాస్టారు మెకానిక్ షెడ్డులో కారు తాళాలు పెయింటరు చేతిలో పెట్టారు.

పెయింటరు తెల్లబోయాడు. పక్కనే నిలబడ్డ మెకానిక్ ముఖం చిన్నబోయింది. బాగుచేసిన బండి మూడోసారి తిరిగొచ్చింది కాబట్టి, ఇక నిన్ను మెకానిక్కుల్లో లెక్కెయ్యనని మాస్టారు ఇలా దెప్పుతున్నారనుకున్నాడు. ఆయన చురకలెప్పుడూ అంతే, నవ్వుతూనే అంటిస్తారు. తనకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన గురువు కాబట్టి పడాల్సిందే.

"తాళాలు ఇటివ్వండి మాస్టారూ. కుదుపు తగ్గలేదా?"

"తగ్గడమా, ఇంకా ముదిరింది. పోతున్నంతసేపూ వెన్నలా పోతుంది. ఆగబోయే ముందు మాత్రం ఎవడో వెనకనించి తన్నినట్టు ఎగిరిపడుతుంది. నీ వల్ల కాకపోతే ఈసారి చెప్పెయ్. అమ్మేసి ఊరుకుంటాను. మళ్లీ స్టీరింగ్ జోలికి పోను."

మెకానిక్‌కు ఆ మాట నచ్చలేదు. ఊళ్లో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన మనిషి నోట రావలసిన మాటేనా అది? మోకాళ్లు క్లచ్ తొక్కనివ్వడం లేదని ఈ ఆటోమేటిక్ బండి కొనుక్కుని, చంటిపిల్లలా చూసుకుంటున్నారు. దాన్ని అమ్ముకుంటే ఆయన మంచం పట్టడం ఖాయం.

అసలు ఆ జబ్బే అంతుపట్టడం లేదు. ఇలాంటి బండి ఆగబోతుంటే గేర్లు వాటంతటవే ఒక్కో మెట్టూ దిగుతాయి, లోపలున్న వాళ్లకు తెలియను కూడా తెలియదు. ఇది మాత్రం మెట్లన్నీ వదిలేసి ఒక్కసారి కిందికి దూకుతోందట. మెకానిక్ గేరాయిల్ మార్చాడు. ఇంజను బిగింపులు చూశాడు. కంప్యూటర్ తగిలించి వెతికితే అదీ చేతులెత్తేసింది. పైగా తను నడిపినంతసేపూ ఆ బండంత బుద్ధిమంతురాలు ఇంకోటి లేదు. అదే అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

"ఈసారి మీరే నడపండి మాస్టారూ. నేను వెనక కూర్చుని చూస్తాను."

మాస్టారి భార్య ముందు సీట్లోంచి దిగనే లేదు. ఈమధ్య ఆవిడ లేకుండా ఆ బండి గేటు దాటడం లేదు.

"అమ్మా, మీరు లోపల ఫ్యాను కింద కూర్చోండి. ఇలా వెళ్లి అలా వచ్చేస్తాం."

"పర్లేదు బాబూ, నేనూ వస్తాను."

"రానీరా" అన్నారు మాస్టారు. "నేర్పే బండిలోలాగా పక్కసీటుకి ఇంకో బ్రేకు లేదు, బతికిపోయాను. ఉంటే ఇంటినించి ఇక్కడిదాకా తొక్కుతూనే ఉండేది."

బండి కదిలింది. దాంతోపాటే ఆవిడ నోరూ కదిలింది.

"అదుగో, బడిపిల్లలు రోడ్డు దాటుతున్నారు, ఎంత ముద్దుగా ఉన్నారో చూడండి. ఆ లారీవాడు చూశారా, రోడ్డు వాళ్ల తాతదైనట్టు ఎడంపక్కన అడ్డంగా పెట్టాడు. హమ్మయ్య, ఎర్రలైటు పడింది. ఈ సిగ్నల్ దగ్గర మనకెప్పుడూ ఇంతే."

బండి మెత్తగా ఆగింది. కుదుపూ లేదు, గిదుపూ లేదు. మెకానిక్ చెవులు గేర్‌బాక్సు మీద పెడదామంటే ఆవిడ కబుర్లు అడ్డం పడుతున్నాయి. ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఏమీ అనుకోకండమ్మా. చప్పుడు వినాలి. కాసేపు మాట్లాడకుండా ఉంటారా?"

ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగి ఏదో అనబోయింది.

"బాగా అడిగావురా" అని మాస్టారు నవ్వారు. "ఇన్నేళ్లలో నా వల్ల కానిది నీ వల్లైనా అవుతుందేమో చూద్దాం."

ఆవిడ నోరు మూసుకుని ముందుకు తిరిగింది. బండిలో నిశ్శబ్దం. మెకానిక్ రెండు సీట్ల మధ్యకు తలదూర్చి చెవులు రిక్కించాడు. ముందు సిగ్నల్ దగ్గర ఒక బస్సు ఆగి ఉంది. అది దగ్గరపడుతోంది.

అప్పుడు చూశాడు. సీట్ల మధ్యనున్న చేతిసంచి చాటునుంచి ఆవిడ చెయ్యి గేరు కడ్డీని పట్టుకుని చటుక్కున కిందికి లాగింది. ఇంజను గుర్రుమంది. బండి ఎగిరిపడింది, మెకానిక్ నుదురు సీటుకు కొట్టుకుంది. మాస్టారు కంగారుగా బ్రేకు తొక్కారు. బండి ఆగగానే కడ్డీ చప్పుడు లేకుండా మళ్లీ పైకి వెళ్లిపోయింది.

"చూశావా ఎలా తన్నిందో" అన్నారు మాస్టారు, తన మాట నెగ్గినందుకు సంబరంగా.

"చూశాను మాస్టారూ."

షెడ్డుకు రాగానే మాస్టారు దిగి, పెయింటరుతో కబుర్లలో పడ్డారు. మెకానిక్‌కు నవ్వాగడం లేదు. ఇన్నాళ్ల చిక్కుముడి ఒక్క క్షణంలో విడిపోయింది. కారు కిటికీ దగ్గరికి వెళ్లి వంగాడు.

"దొంగ దొరికిందమ్మా. వేగానికి భయమేస్తే మెల్లగా పొమ్మని చెప్పొచ్చు కదా. ఉండండి, మాస్టారికి చెప్పి పెద్దగా నవ్వుకుందాం."

ఆవిడ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్పకు బాబూ. గేర్‌బాక్సు పాడైపోయింది, ఇక బాగుపడదు, అమ్మేయమని చెప్పు."

"అదేంటమ్మా, నిక్షేపంలాంటి బండి. ఆయన ప్రాణం దీని మీదే ఉంది. చేజేతులా నా పనికి నేనే చెడ్డపేరు తెచ్చుకోవాలా?"

"నా మాటైతే వినరు. నువ్వు చెబితే వింటారు. ఈ ఒక్క చెడ్డపేరు నాకోసం మొయ్యి."

మెకానిక్‌కు ఒళ్లు మండింది. ఆయనకున్న ఒక్క సరదానూ తుంచెయ్యాలని చూసే ఈవిడదేం మనసనుకున్నాడు.

"ఆయన మీద మీకు అంత కోపం దేనికమ్మా?"

ఆవిడ మాస్టారి వైపు చూసి, గొంతు బాగా తగ్గించింది.

"ఆయనకి రోడ్డు కనబడటం లేదు బాబూ."