మూడు కిలోమీటర్లు ఎక్కువ

ఇరవై రెండేళ్లుగా ఊళ్లో సగం మందికి కారు నేర్పిన బ్రేకు టీచరుకి చలానా వచ్చింది.

ఆవిడ అసలు పేరు శిష్యులు ఎప్పుడో మర్చిపోయారు. ఎవరు ఎంత బాగా నడిపినా, పక్క సీట్లో కూర్చుని రెండో బ్రేకు మీద నుంచి కాలు తీయదు కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది.

అలాంటి మనిషి, నలభై దాటకూడని వంతెన మీద నలభై మూడులో వెళ్లిందని కెమెరా చెప్పింది.

పాత శిష్యులు ఫోన్లు చేసి మరీ పరామర్శించారు. నవ్వు దాచుకోవడం ఒక్కరికీ చేతకాలేదు.

"కట్టేసి ఊరుకోవే, పీడా పోతుంది," అన్నాడు భర్త.

"కడితే తప్పు ఒప్పుకున్నట్టేగా. నా కారు స్పీడు ముల్లు నలభై దాటలేదు."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను."

ఆయనకి ఆ గొంతు బాగా తెలుసు. పేపరు తిరగేశాడు.

మర్నాడు పొద్దున్నే ట్రాఫిక్ కోర్టుకి వెళ్లింది. హాల్లో రెండు కిటికీలున్నాయి. ఎడమవైపు కట్టేవాళ్లకి, కుడివైపు కట్టననేవాళ్లకి. ఎడమవైపు బారు గుమ్మం దాటిపోయింది. కుడివైపు ఒక్కరూ లేరు.

కుడి కిటికీ గుమాస్తా మంచివాడే, ఉన్న మాట చెప్పాడు. ఇవాళ కట్టేస్తే ఏ గొడవా ఉండదు. వాదించి ఓడిపోతే మాత్రం ఆ తప్పు లైసెన్సుకెక్కుతుంది. లైసెన్సు మీద మచ్చ ఉన్నవాళ్లకి డ్రైవింగ్ నేర్పే అనుమతి ఇవ్వరు. పదకొండింటికి పిలుస్తారు, ఈలోగా ఆలోచించుకోండి అన్నాడు.

ఆవిడ బెంచీ మీద కూలబడింది. స్టీరింగు పట్టుకుంటే చేతులు వణికే వాళ్లని ధైర్యంగా రోడ్డెక్కించడం తప్ప ఆవిడకి ఇంకో పని రాదు. ఇంకో పని కావాలని ఏనాడూ అనుకోలేదు. మూడు కిలోమీటర్ల కోసం అది పోతుందంటే, మొదటిసారి భయం వేసింది.

అప్పుడొచ్చి పక్కన కూర్చున్నాడొకాయన. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. ఆవిడ చేతిలోని చలానాలోకి తొంగిచూశాడు.

"వంతెన మీదదేనా అమ్మా?"

ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టేసుకుంది. కోర్టు దగ్గర బ్రోకర్లుంటారు, జాగ్రత్త అని శిష్యులు ముందే చెప్పారు.

ఏ తారీఖున అని అడిగాడు. ముక్తసరిగా చెప్పింది.

"అయితే కట్టకండి. మీ తప్పు లేదు."

"మీకెలా తెలుసు?"

"అదే చెబుదామని..."

"ఎంత తీసుకుంటారేం చెప్పినందుకు?"

ఆయన ఫైలు తెరవబోయాడు.

"కష్టంలో ఉన్నవాళ్ల పక్కన చేరి బతికే బదులు ఏదైనా పని నేర్చుకోండి. కావాలంటే డ్రైవింగ్ నేనే నేర్పిస్తాను."

బెంచీ మీదున్న నలుగురూ పకపకా నవ్వారు. ఆయన ముఖం చిన్నబోయింది. ఫైలు సర్దుకుని లేచాడు.

"కట్టకండమ్మా," అని మాత్రం మళ్లీ చెప్పి, అవతలి బెంచీ దగ్గరికి వెళ్లాడు.

బ్రోకరు కట్టొద్దంటున్నాడంటే కట్టడమే మంచిదేమో అనిపించింది ఆవిడకి. వెళ్లి ఎడమవైపు బారులో నిలబడింది.

ముందున్నావిడ వెనక్కి తిరిగి, "నిజానికి నేనూ స్పీడుగా వెళ్లలేదండీ. ఎవరు పడతారు ఈ గోల?" అంది.

ఆ మాట బ్రేకు టీచరుకి ఎక్కడో గుచ్చుకుంది. ముల్లుని నమ్ముకో, ఎవరేమన్నా కంగారు పడకు అని ఇన్నేళ్లుగా ఎంతమందికి చెప్పిందో. ఇప్పుడు తనే కంగారు పడితే, రేపు ఆ పక్క సీట్లో ఏ ముఖం పెట్టుకుని కూర్చుంటుంది? కిటికీ దాకా వచ్చిన బారు వదిలేసి కుడివైపుకి నడిచింది.

పదకొండింటికి పిలుపు వచ్చింది. తలెత్తి నిలబడింది.

"నేను నలభై దాటలేదండీ. దాటానని తేలితే నేర్పడం నేనే మానేస్తాను."

మేజిస్ట్రేటు కళ్లజోడు తీసి, వాదించక్కర్లేదన్నారు. కెమెరాలు సరిచూసే ఉద్యోగి పొద్దున్నే వచ్చి వాంగ్మూలం ఇచ్చాడట. ఆయన ఒక కారు నడుపుతూ, దాని ముల్లు చూపించే వేగానికి కెమెరాని సరిచేస్తాడు. ఈసారి ఆ కారుకి ఎవరో ఒక సైజు చిన్న టైర్లు వేశారు. ఆయన గమనించలేదు. చక్రం చిన్నదైతే ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అప్పటినుంచీ వంతెన మీది కెమెరా అందరికీ మూడేసి కిలోమీటర్లు కలుపుతోంది.

ఆయన్ని ఎవరూ పట్టుకోలేదు. ఎవరూ అడగలేదు. తనే కనిపెట్టి, తన మీద తనే రాసిచ్చాడు. మేజిస్ట్రేటు చివరి ముక్క చదివి వినిపించారు.

"ఇరవై ఆరేళ్లుగా నా సంతకం చూసి ఆ కెమెరాలని నమ్మారు. ఈసారి ఆ సంతకం తప్పు. శిక్ష నాకు వేయండి, వాళ్లకి వద్దు."

డెబ్బై ఒక్క చలానాలు రద్దయ్యాయి.

బ్రేకు టీచరుకి గర్వంగా అనిపించింది. తను గెలిచినందుకు కాదు. పని మీద ఇంత పౌరుషం ఉన్నవాడు ఇంకొకడు ఈ ఊళ్లోనే ఉన్నాడని తెలిసినందుకు. బయటికొస్తూనే బంట్రోతుని పట్టుకుంది, ఆ మహానుభావుణ్ని ఒక్కసారి చూపించమని, దండం పెట్టుకుంటానని.

"ఇప్పుడే వెళ్లిపోయారమ్మా. ఆయన్ని సస్పెండ్ చేశారట. అయినా పొద్దున్నుంచీ బెంచీ బెంచీకీ తిరిగి, కట్టకండి, తప్పు నాదీ అని ఒక్కొక్కరికీ చెప్పుకున్నారు," అన్నాడు బంట్రోతు. "ఎవరో ఒకావిడ మాత్రం చెప్పనివ్వకుండా, బ్రోకరనుకుని తరిమేసిందట."