గవ్వలపాలెంలో అరగంట

గవ్వలపాలెం సముద్రంలో కలిసిపోయి ఆరేళ్లయింది. అయినా పునరావాస కాలనీలో ఎవరూ ఊరి మీద బెంగపెట్టుకోలేదు. ఆదివారం కాలనీ ఆఫీసులో, పాత ఊరిని కళ్లముందు చూపించే సర్కారు కళ్లద్దాలు పెట్టుకుంటే అరగంటసేపు ఊళ్లో తిరిగి రావచ్చు. మునగకముందే సర్కారు ఇంటింటికీ కాగితాలు పంచి ఊరి మంచీ చెడూ రాయించుకుంది. మంచివన్నీ కళ్లద్దాల్లో మళ్లీ కట్టారు, చెడ్డవన్నీ వదిలేశారు.

కళ్లద్దాలు పెట్టుకుని నూకాలు నేరుగా లైట్‌హౌసు దగ్గరికి నడిచింది. ఊరితోపాటే మునిగిపోయిన మొగుడు ఎర్రయ్య ఎప్పుడూ ఆ మెట్లమీదే కూర్చునేవాడు. ఇప్పుడక్కడ పూలకుండీ ఉంది.

ఆమె కళ్లద్దాలు తీసేసి, "మా ఆయనేడమ్మా?" అని ఆపరేటరు అమ్మాయిని అడిగింది.

ఆ అమ్మాయి తెర చూసి చెప్పింది. "లైట్‌హౌసు కాడ తాగి తిట్టే మనిషి. చెడ్డవాట్లో ఉన్నాడు మామ్మా. రెండొందల మంది రాసినారు."

"ఎవులా రాసినోళ్లు? పేర్లు సెప్పు! ఆళ్ల నోట్లో మన్ను పడ!"

"మొదటి పేరు నీదే మామ్మా."

నూకాలు గొంతు దిగిపోయింది. "ఆ రోజు నా సెయ్యి ఇరగ్గొట్టినాడమ్మా. కోపంలో రాసీసినాను. మల్లీ పెట్టీ తల్లీ."

"పెడతాం. ఆయన గురించి ఒక్క మంచి రాసియ్యి, చాలు."

నూకాలు పెన్ను పట్టుకుని కూర్చుంది. ముప్పయ్యేళ్ల కాపురాన్నీ ఒక్కో రోజే వెతుక్కుంది. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. అరగంట అయిపోయాక ఒకే ఒక్క ముక్క రాసి, కాగితం ఇచ్చేసి వెళ్లిపోయింది.

'లైట్‌హౌసు బాగుండేది.'