పచ్చిమట్టి ముఖాలు

సక్రి తలమీది ముసుగును ముక్కు దాకా లాక్కుని, చేతికందిన మట్టి ముఖాన్ని ఎత్తి నేలకేసి కొట్టింది.

పచ్చిమట్టి కదా, పెద్దగా చప్పుడు కూడా రాలేదు.

"చూడకు వదినె. భగత్ చెప్పింది యాదుంచుకో," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మరిది సోమ్లా.

"చూస్తలేను," అంటూ సక్రి బల్లమీద రెండోదాని కోసం తడుముకుంది.

గోదారి పొంగి ఊళ్లకు ఊళ్లను ముంచిన ఏడాది అది. జూలూరుపాడు పక్క తండా నుంచి వెదురు కొట్టే కూలికి భద్రాచలం దిగువకు పోయిన హరిలాల్ తిరిగి రాలేదు. వరద తగ్గాక అతని పెళ్లాం సక్రి దవాఖానాలు తిరిగింది, వరద బాధితులున్న బడులన్నీ తిరిగింది. చచ్చాడని ఎవరూ చెప్పలేదు. బతికున్నాడనీ చెప్పలేదు. ఆ రెంటి మధ్య ఆడమనిషి ఎట్లా బతకాలో కూడా ఎవరూ చెప్పలేదు.

తండా నాయకుడు ధన్‌సింగ్ మాత్రం ఒక మాట చెప్పాడు.

"రెట్టల గాజులు తీసెయ్ బిడ్డా. మొగుడున్న ఆడిదే అవి ఏసుకోవాలె."

"ఆయన పీనుగ ముఖం నువ్వు చూసినవా?"

సక్రి ఆ గాజులు తియ్యలేదు.

ఆఖరికి దేవుడు పూనే భగత్ కాళ్లమీద పడింది. ఆయన కళ్లు మూసుకుని ఊగుతూ చెప్పాడు.

"హరిలాల్ చావలే. గోదారి ఒడ్డున ఎవడో మట్టిల కట్టేసిండు. ఆ మట్టి పగిలితే వస్తడు. నువ్వు మాత్రం ఆ ముఖం చూడొద్దు. చూస్తే నిన్ను సుత కట్టేస్తది."

ఆ ఒడ్డున మట్టితో ముఖాలు చేసేది ఒక్కడే. బొమ్మల దొర. ఏ దేశంవాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎప్పుడో వచ్చి, రేకుల ఇల్లు ఒకటి వేసుకుని, కొయ్యలు చెక్కుతూ, అడవి మనుషులకు రంగుల బొమ్మలు వేస్తూ ముసలివాడైపోయాడు. వరద తర్వాత శవాల దగ్గర తిరుగుతున్నాడని తెలిసి జనం ఆ ఇంటివైపు చూడటం మానేశారు. మనవాళ్లకు అనుమానం రావడానికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు సక్రి ఉన్నది ఆ ఇంట్లోనే. లోపల నులక మంచంమీద జ్వరంతో పడి ఉన్న దొర, గోడ పట్టుకుని లేచి వచ్చాడు.

"ఆగమ్మా. ఎవరి కోసం వచ్చినవ్?"

"నా మొగుని కోసం."

"అయితే పగలగొట్టకు. చూడు. ఒక్కొక్క ముఖం మంచిగ చూడు."

చూడమన్నాడు. భగత్ వద్దన్న పనే చెయ్యమంటున్నాడు. సక్రికి ఇంక అనుమానం మిగల్లేదు. ముసుగు మరింత కిందికి లాగి, చేతుల జోరు పెంచింది.

దొర అడ్డం రాబోయాడు. సోమ్లా రెక్క పట్టుకుని మంచంమీద కూర్చోబెట్టాడు. తిరిగి లేచే సత్తువ ఆ ముసలివాడికి లేకపోయింది.

బల్ల ఖాళీ అయింది.

అప్పుడొచ్చాడు పగిడయ్య, నెత్తిమీద ఎండు కట్టెల మోపుతో. ఊళ్లో పీనుగులకు గుంతలు తవ్వే మనిషి.

"ఏం పని చేసిన్రు గిది?"

"నా మొగుణ్ని ఇడిపించిన," అంది సక్రి ముసుగు తీసి. ఇన్నాళ్లకు ఆమె ముఖంలో నవ్వు వచ్చింది. "ఇగ వస్తడు."

పగిడయ్య మోపు కింద పడేసి అక్కడే కూలబడ్డాడు.

"అమ్మా, అవి గోదారిల కొట్టుకొచ్చిన పీనుగుల ముఖాలు. ఎవరూ రాకుంటే నేనే పూడ్చిన. నీళ్లల్ల ఉబ్బి, పెళ్లాం సుత గుర్తుపట్టనట్టు అయినయ్. దొర ఒక్కొక్కరి పక్కన కూసోని, బతికున్నప్పుడు ఎట్లుండేటోళ్లో గట్ల చేసిండు. ఎవరన్న దేవులాడుకుంట వస్తే చూపిద్దామని. ఆ వాసనకు మేమంత ఉరికినం, ఆయన లేవలే. ఈ జరం గక్కడ పట్టిందే. వీటిని కాల్చనీకి ఎండు కట్టెలు ఇయ్యాలనే దొరికినయ్."

సక్రి నేలమీద పడి వెతికింది. సగం ముక్కు. ఒక చెవి. ఎవరిదో పెదవి. రెండు ముక్కలు కలపబోతే మట్టి వేళ్లకు అంటుకుని, ఉన్న ఆనవాలు కూడా పోయింది.

"గడ్డం కింద గాటున్నోడు ఉండెనా అన్నా?"

"నాకేమెరుక బిడ్డా. నేను ముఖం పక్కకు తిప్పుకునే మట్టి పోసిన. చూసింది దొర ఒక్కడే."

సక్రి మంచం దగ్గరికి ఉరికింది. ఆయన చేతులు పట్టుకుంది.

"దొరా, గడ్డం కింద గాటున్నోడు ఉండెనా? ఉంటే ఉన్నడని చెప్పు. చచ్చిండని చెప్పినా సరే, చెప్పు."

దొర కళ్లు తెరిచాడు. ఆమెను గుర్తుపట్టి, చెప్పాడు. ఎంతో ఓపికగా, చాలాసేపు చెప్పాడు. కానీ ఆ జ్వరంలో తెలుగు ఆయనను విడిచిపోయింది. నోట వచ్చిందంతా ఆయన దేశపు మాటే.

అక్కడ ఒక్కరికీ ఒక్క ముక్కా అర్థం కాలేదు.

పొద్దు గూకకముందే ఆయన ప్రాణం పోయింది.

"వాళ్లోళ్లకు కబురన్న పెట్టాలె గద," అన్నాడు సోమ్లా, ఎవరి ముఖమూ చూడలేక.

పగిడయ్య దొర కళ్లు మూశాడు.

"ఎవరికి పెడతవ్? వాళ్ల దేశంల యుద్ధమైనప్పుడు దొరసాని తప్పిపోయిందట. చచ్చినోళ్లను ముఖాలు చూడకుండనే గుంతలల్ల పూడ్చేసిన్రట. అండ్ల ఆమె ఉన్నదో లేదో చెప్పేటోడు ఒక్కడు దొరక్కనే, ఈయన దేశం ఇడిసి వచ్చిండు."