హాస్కెల్ సార్ సలహా

"ఆల్జీబ్రా ఫిజిక్స్ తీసుకో. హాయిగా గడిచిపోతుంది," అంటూ హాస్కెల్ సార్ వచ్చే ఏటి కోర్సుల కాగితం మీద సంతకం పెట్టబోయాడు.

నోరీన్ కాగితం వెనక్కి లాక్కుంది. "నాకు హాయి వద్దు సార్. కాలిక్యులస్ ఫిజిక్సే కావాలి. వంతెనలు కట్టే చదువుకి అదే పనికొస్తుంది."

"కాలిక్యులస్ వచ్చా నీకు?"

"ఇంకా రాదు. నేర్చుకుంటాను."

"అనడం తేలికే." హాస్కెల్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన ఇరవై ఏళ్లుగా ఆ బడిలో ఆల్జీబ్రా ఫిజిక్సే చెబుతున్నాడు. రెండోది, కాలిక్యులస్‌తో చెప్పే ఫిజిక్స్, గ్రూబర్ మేడమ్‌ది. ఆవిడ ఈ వేసవిలో రిటైరై ఫ్లోరిడా వెళ్లిపోతోంది. వచ్చే ఏడు ఆ క్లాసు కూడా ఈయన నెత్తినే పడింది.

"చూడమ్మాయ్, రాని లెక్కతో బోర్డు ముందు నిలబడ్డావనుకో. చేతిలో మార్కరు, వెనక అందరి కళ్లూ. చెమటలు పట్టేస్తాయి. మధ్యలో దిగిపోదామన్నా కుదరదు. ఆ అవస్థ పగవాడికి కూడా వద్దు."

"మిగతావాళ్లు చేరుతున్నారుగా?"

"అందరికీ ఇదే చెప్పాను. మొండిఘటాలు తొమ్మిది మందే తేలారు. పదిమంది లేకపోతే క్లాసే పెట్టరు. ఎందుకొచ్చిన గొడవ?"

లెక్కల్లో నోరీన్‌కి ఇంతవరకూ 'ఎ' గ్రేడు తప్ప ఇంకోటి రాలేదు. అయినా సార్ దృష్టిలో తను మొద్దన్నమాట. బస్సులో ఇంటికి వస్తుంటే ఏడుపొచ్చింది.

తల్లి లొరెయిన్ పెనం మీద చీజ్ రొట్టెలు కాలుస్తోంది. "మొద్దన్నాడా నిన్ను?"

"నోటితో అనలేదు."

"రేపొచ్చి నాలుగు దులపనా?"

"అమ్మా! నా పరువు తీయకు. సంతకం పెట్టు చాలు."

టీచరు కాదన్నా, మంచిచెడ్డలు మావే అని ఇంట్లోవాళ్లు రాసిస్తే బడి ఒప్పుకుని తీరాలి. లొరెయిన్ జిడ్డు చేతుల్తోనే సంతకం గీకింది.

మర్నాడు ఆ జిడ్డు కాగితాన్ని హాస్కెల్ సార్ చాలాసేపు చూశాడు. "పదోదానివి," అన్నాడు. మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. తన మాట చెల్లలేదని కోపం కాబోలు అనుకుంది నోరీన్. ఆయన ముందు తలదించుకునే పని మాత్రం పెట్టుకోకూడదని ఒట్టేసుకుంది.

అందుకే వేసవి సెలవుల్లో స్నేహితులంతా సరస్సు మీద పడితే, తను పక్క ఊరి కాలేజీలో కాలిక్యులస్ తరగతికి చేరింది. మొదటిరోజే బస్సు ఆలస్యం. వెళ్లేసరికి ఒక కుర్ర లెక్చరరమ్మ బోర్డు మీద రాసేస్తోంది. వెనక బెంచీలన్నీ నిండిపోయాయి. నోరీన్ చోటు వెతుక్కుంటూ ముందుకు నడిచింది.

మొదటి బెంచీలో హాస్కెల్ సార్ పెన్సిల్ చెక్కుకుంటున్నాడు.