మోకాలి నొప్పి

"మీరెందుకు వచ్చిండ్రు సార్?"

సోమవారం నాడు మంచం మీద నుంచి సుందర్ రావు అడిగిన మొదటి మాట అదే. దేవదానం చేతిలోని టిఫిన్ క్యారియర్‌ను స్టూలు మీద పెట్టి గోడవారగా నిలబడ్డాడు.

సుందర్‌కు ఇరవై ఏడేళ్లు. స్టేషన్ ఘన్‌పూర్‌లో సర్కారు కొలువు. తుంటి ఆపరేషన్ కోసం హనుమకొండలోని ఈ దవాఖానలో చేరుతున్నట్టు ఎవరికీ చెప్పలేదు. బజారులో తెలిసినాయన ఒకరు చెబితే దేవదానానికి తెలిసింది. తెలిసిన గంటకల్లా సైకిలెక్కాడు. అరవై ఏళ్ల మనిషి, అప్పటినుంచి రోజూ రెండు పూటలా వరంగల్ నుంచి తొక్కుకుంటూ వస్తున్నాడు. బుధవారం రక్తం ఇస్తానని కూడా చొక్కా చెయ్యి మడిచాడు. నీకే సరిగ్గా లేదు పొమ్మన్నారు.

పక్క మంచం మొగిలమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. ఆమెది నెక్కొండ. కాలు విరిగిన పెనిమిటికి తోడుగా ఉంటోంది.

"సారంటే గిట్లుండాలె! శిష్యుని కోసం గీ వయసుల గింత తిప్పలు ఎవరు పడతరు? మా మనుమని సారుకు మావోని పేరు సుత ఎరుకలేదు" అంది.

ఆమె మెచ్చుకున్నకొద్దీ దేవదానం తల కిందికి వాలిపోయింది.

ఆయన మిషన్ బడిలో డ్రిల్లు మాస్టరు. ఆయన విజిల్ వేస్తే కాకులు కూడా వరుసలో కూర్చుంటాయని పిల్లలు నవ్వుకునేవారు. అలాగని మరీ కఠినుడేం కాదు. ఎవరైనా కడుపునొప్పి అంటే, అబద్ధమని తెలిసినా, నీడన కూర్చోబెట్టేవాడు. ఒక్క సుందర్ దగ్గరికి వచ్చేసరికే నిప్పులు చెరిగేవాడు.

రెండో తరగతిలో ఒకరోజు సుందర్ కుంటుకుంటూ వచ్చాడు. మోకాలు నొస్తాంది సార్ అన్నాడు. దేవదానం మోకాలు నొక్కి చూశాడు. వాపు లేదు. దెబ్బ లేదు.

"దొంగ నొప్పి! మూడు రౌండ్లు ఉరుకు" అన్నాడు.

పిల్లవాడు ఏడుస్తూ ఉరికాడు. మర్నాడూ అంతే. ఆ ఏడాది పొడుగునా అంతే.

గురువారం పొద్దున డాక్టర్ రాజేశ్వర్ రావు ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు. గుండ్రంగా ఉండాల్సిన తొడ ఎముక తల, ఎవరో అరచేత్తో ఒత్తిన పిండిముద్దలా ఉంది.

"చిన్నప్పుడు ఈ ఎముకకు రక్తం అందలేదు. అదొక జబ్బు, ఎవరూ తెచ్చిపెట్టింది కాదు. గమ్మత్తేమిటంటే జబ్బు తుంటిలో ఉంటే నొప్పి మోకాలిలో తెలుస్తది. అప్పుడే కాలు మీద బరువు పడకుండా పడుకోబెట్టి ఉంటే ఇంత వంకర వచ్చేది కాదేమో. ఇప్పుడు ఎముకను కోసి, తిప్పి, ప్లేటుతో బిగిస్తం. సొంత కీలు ఇంకొన్నేండ్లు నిలబడాలని మా ప్రయత్నం. నిలబడకపోతే ఇక చేతికర్రే."

దేవదానం వరండాలోకి వెళ్లి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఏడ్చి లోపలికి వచ్చాడు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. తర్వాత చెప్పే ధైర్యం తనకు ఉండదు.

"తప్పు నాదేరా" అన్నాడు. "నీ నొప్పి నిజమే. నేనే నమ్మలే."

సుందర్ పైకప్పు వంక చూస్తూ అన్నాడు.

"నమ్మకుంటే నమ్మకపోయిండ్రు. ఒక్కటే అడుగుత సార్. రాయమల్లు రోజూ కడుపునొప్పి అంటే కూసోబెట్టిండ్రు. భాస్కర్ జ్వరం లేకున్నా ఉన్నదంటే కూసోబెట్టిండ్రు. నన్నొక్కన్నే ఎందుకు ఉరికిచ్చిండ్రు?"

దేవదానం మంచం అంచున కూర్చున్నాడు.

"నిన్ను కూసోబెడితే బడంతా ఏమనుకుంటదో అని..."

"ఏమనుకుంటే ఏమైతుండె సార్?"

అంతలో నర్సు మరియమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది.

"రేపటి ఆపరేషన్‌కు పేషెంట్‌తో పాటు ఇంకొకరు సంతకం పెట్టాలె. సొంతోళ్లే కావాలె. చదువు చెప్పిన సారు పెడితే నడువదు. మీవాళ్లెవరూ రాలేదా?"

"అమ్మ పోయి నాలుగేండ్లయింది" అన్నాడు సుందర్. గోడ వైపు తిరిగాడు. "ఇంకా ఎవరన్న ఉన్నరో లేరో సార్‌నే అడుగుండ్రి."

మరియమ్మ దేవదానం వైపు చూసింది. మొగిలమ్మ కూడా చూసింది. దేవదానం చెయ్యి చాపి కాగితం అందుకున్నాడు. పేరు రాశాడు. సంతకం పెట్టాడు.

బడిలో ఎవరూ వేలెత్తి చూపకూడదని తానే అననివ్వని, ఆ పరుగుల ఏడాది తర్వాత ఇంట్లోనూ ఆ పిల్లవాడి నోట వినబడకుండా పోయిన మాటను, 'రోగికి ఏమవుతారు' అన్న చోట దేవదానం కూడబలుక్కుని రాశాడు: తండ్రి.