నూరు లెక్కపెట్టాకే లోపలికి

"అక్కడే ఆగు," అన్నాడు తండ్రి.

కూతురు పశువుల కొట్టం గేటు ముందు ఆగిపోయింది. చేతుల్లో నలభై రోజుల పసిగుడ్డు. వెనకాల రోడ్డు మీద కారు, కార్లో అల్లుడు, డిక్కీ నిండా సామాను. అల్లుడికి బదిలీ అయింది. రెండు రోజుల ప్రయాణమంత దూరం. మళ్ళీ ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలియదు.

"బయల్దేరుతున్నాం నాన్నా. ఒక్కసారి చూడవా దీన్ని?"

"చూశాను కదే. బావుంది. జాగ్రత్తగా వెళ్ళండి."

ఏం చూశాడు? కళ్ళెత్తితేగా! పాప పుట్టినప్పటినుంచీ ఆయన ఇంటి గడప తొక్కలేదు. ఇల్లేమో కూతవేటు దూరం. కొట్టం పక్కనున్న చిన్న గదిలోనే పడక. భార్య రెండుపూటలా క్యారియర్ తెచ్చి గేటుకి తగిలించి పోతుంది. మొదటి మనవరాలిని నలభై రోజులుగా ముట్టుకోని తాతని ఏమనాలి? ఎవరికైనా ఒళ్ళు మండదూ?

ఇక ఆ గేటు సంగతి చెప్పాలి. గేటుకి అడ్డంగా ఒక సిమెంటు తొట్టి. అందులో మందు కలిపిన నీళ్ళు. చెప్పులు బయట విడిచి, రెండు కాళ్ళూ అందులో ముంచి, పైకి నూరు లెక్కపెట్టాకే ఎవరైనా లోపలికి రావాలి. పశువుల జబ్బు మనుషుల కాళ్ళ మీద తిరుగుతుందని ఆయన నమ్మకం. నమ్మకమేమిటి, నిజమే. అందులోనూ పశువుల సంతకి వెళ్ళొచ్చిన కాళ్ళయితే మరీ ప్రమాదం. ఒక్క ఆవుకి సోకితే చాలు, మంద మొత్తం పోతుంది.

చుట్టుపక్కలకి ఆ జబ్బు మూడుసార్లు వచ్చింది. పెద్దపెద్ద డెయిరీలే తుడిచిపెట్టుకుపోయాయి. మూడుసార్లూ ఈ తొట్టి దగ్గరే ఆగింది. రెండావులతో మొదలెట్టిన మనిషి పన్నెండు చేశాడన్నా, ఆ పాల మీదే కూతుర్ని చదివించాడన్నా, అంతా ఈ మందునీళ్ళ చలవే.

పశువుల డాక్టరొచ్చినా అంతే, సొంత బావమరిదొచ్చినా అంతే. పాల వ్యాను డ్రైవరు మొదట్లో తెగ గింజుకునేవాడు. "ఇది కొట్టమా, ఆపరేషన్ థియేటరా బాబాయ్?" అనేవాడు. ఇప్పుడు పాపం నోరెత్తడు. పొద్దున్నే వ్యాను ఆపి, అడక్కుండానే కాళ్ళు ముంచి, కాసేపు ఆయన పక్కన కూర్చుని పోతాడు.

చిన్నప్పుడు ఈ కూతురు దొంగలెక్క పెట్టేది. ఇరవై తర్వాత ఎనభై. "ఏయ్ దొంగా, మధ్యలో అరవై ఏవే?" అని తండ్రి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టించేవాడు.

కారు హారన్ మోగింది.

"సరిగ్గా తినటం లేదట. అమ్మ చెప్పింది."

"మీ అమ్మకేం, వెయ్యి చెబుతుంది."

"నా మీద కోపమా నాన్నా?"

"నీ మీద కోపమేంటే, పిచ్చిమొహమా."

"మరి దీని మీదా?"

ఆయన పొద్దుటినుంచి మూడోసారి కొట్టం కడుగుతున్నాడు. చేతిలో చీపురు ఆగిపోయింది.

"చంటిపిల్లని ఇలాంటి చోటికి తేకూడదు," అన్నాడు చివరికి. "ఇంక వెళ్ళండమ్మా."

కూతురికి ఏడుపు తన్నుకొచ్చింది. వెళ్ళలేదు. చెప్పులు విడిచింది. పాపని గుండెలకి హత్తుకుని తొట్టిలో దిగింది.

"ఒకటి. రెండు. మూడు."

ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. ఇరవై అయింది. ఇరవై ఒకటి, అంది కూతురు. అరవై దగ్గర పాపని ఇంకో భుజానికి మార్చుకుంది. అయినా ఆపలేదు. హారన్ ఇంకోసారి మోగి ఊరుకుంది.

"నూరు. ఒక్కటీ వదల్లేదు నాన్నా. కావాలంటే మళ్ళీ మొదటినుంచి పెట్టనా?"

ఆయన భుజాలు కదిలాయి. చీపురు కింద పడేసి వచ్చి గేటు తీశాడు. మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కున్నాడు. తృప్తి కలగలేదు, మళ్ళీ కడుక్కున్నాడు. అప్పుడు అందుకున్నాడు పాపని.

"నీ తప్పేం లేదురా బంగారం," అన్నాడు. "నువ్వేం చేశావని? నీ తప్పేం లేదు." పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. పాప ఆయన బొటనవేలు పట్టుకుని వదల్లేదు.

"వాటికీ చూపించు నాన్నా," అంది కూతురు. "నువ్వు అనుకున్నట్టే."

మనవరాల్ని ఎత్తుకుని కొట్టంలోకి నడిచాడు. మొదటి గుంజ దగ్గర ఆగాడు.

"ఇది చుక్క. అన్నిటికీ పెద్దది. మీ అమ్మ దీని తల్లి పాలు తాగే ఇంతయింది. చుక్కా, ఇదేనే నా మనవరాలు."

రెండో గుంజ దగ్గరికి జరిగాడు. "ఇది పొగరుబోతు. దీని వెనక ఎప్పుడూ నిలబడకు, తంతుంది."

మూడో దగ్గర కాస్త నవ్వాడు కూడా. "ఇదో తిండిబోతు. తన మేత తిని పక్కదాని మేత లాగేస్తుంది."

కూతురు కొంగు నోట్లో కుక్కుకుంది. వాళ్ళమ్మ ఎప్పుడొచ్చిందో, క్యారియర్ పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయింది. ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు. ఒక్కొక్క పేరూ చెబుతూ, ఒక్కొక్కదానికీ పాపని చూపిస్తూ వరస చివరిదాకా వెళ్ళాడు.

పన్నెండో గుంజ కూడా మిగతా పదకొండింటిలాగే ఖాళీగా ఉంది: మనవరాలు పుట్టిందని సంతలో ఫోను రాగానే, ఆ కబురు ముందు తన ఆవులకే చెప్పాలని, జీవితంలో మొదటిసారి కాళ్ళు ముంచకుండా కొట్టంలోకి పరుగెత్తింది ఆయనే.