పిలవని రాగి

“ఈ రాగి ఎక్కణ్ణుంచి వచ్చింది?” ప్రత్యూష తల పట్టుకుంది.

నరసరావుపేటలో ఓ కాలేజీ ల్యాబ్. ఎదురుగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్. నాలుగేళ్లు కష్టపడి ఆమె జింక్ సల్ఫైడ్‌తో నానో కడ్డీలు చేసింది. ఒక్కోటి వెంట్రుక మందంలో వెయ్యో వంతు. వాటిలో ఏమేం ఉన్నాయో మిషను తెర మీద గీసి చూపిస్తోంది. జింక్ ఉంది, గంధకం ఉంది, పిలవని పేరంటానికి వచ్చినట్టు రాగీ ఉంది.

సోమవారం థీసిస్ ఇవ్వాలి. కడ్డీలు కల్తీవని తేలితే నాలుగేళ్లూ గంగలో కలిసినట్టే.

“జల్లెడ దేంతో చేసిందమ్మా?”

తిరిగి చూసింది. తలుపు దగ్గర యాభై దాటిన మనిషి, చొక్కా నిండా మిరపకాయల ఘాటు. కూతురి అడ్మిషన్‌కని గురజాల నుంచి వచ్చాడు. ల్యాబ్ చూస్తానంటే టెక్నీషియన్ ముజాహిద్ కూర్చోబెట్టాడు.

కడ్డీలను పరిచేది గోరంత లోహపు జల్లెడ మీదే.

“నికెల్‌ది. పెట్టె మీద రాసుంది,” విసుగ్గా అంది.

“మరి ఆ తెర మీద నికెల్ ఏదమ్మా?”

ప్రత్యూషకు చిర్రెత్తుకొచ్చింది.

“బాబాయ్, ఇది మిరప కల్లం కాదు. కాస్త బయట కూర్చోండి.”

ఆయన సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

పది నిమిషాలు పంతంగా తెర వంకే చూసింది మహాతల్లి. అప్పుడు తట్టింది. నిజమే, జల్లెడ లోహం కూడా తెర మీద కనపడాలి కదా, నికెల్ ఏదీ?

“ముజాహిద్ అన్నా, ఈ పెట్టెలో జల్లెడలు ఎవరు పెట్టారు?”

“నేనే. రాగి వాటి పెట్టె మూత పగిలితే, ఈ ఖాళీ పెట్టెలో పోశా. ఏంది, ఏమైంది?”

తిట్టే తీరిక కూడా లేదామెకు. బీరువాలోంచి అసలైన నికెల్ జల్లెడ తీయించి, కడ్డీలు మళ్లీ పరిచి చూసింది. జింక్, గంధకం, జల్లెడ తాలూకు నికెల్. రాగి జాడే లేదు.

“బతికాన్రా దేవుడా,” అని కుర్చీలో కూలబడింది. నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

“ఆ బాబాయ్ ఏడన్నా? కాళ్లకు దండం పెట్టాలి.”

“శివరామయ్య గారా? ఎప్పుడో బస్సెక్కాడు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా, జల్లెడదేనని తేలిందని. తన అనుమానం నిజమేనా అని మూడుసార్లు అడిగాడు.”

“ఆయనకెందుకంత పట్టింపు?”

ముజాహిద్ గొంతు తగ్గించాడు.

“ఇరవై ఏడేళ్ల కింద తన కడ్డీల్లోనూ ఇట్నే రాగి కనపడితే, అది జల్లెడదని చెప్పే దిక్కు లేక, తన చేతకానితనమేననుకుని పీహెచ్‌డీ వదిలేసి మిరప తోటకి పోయాడంటమ్మా.”